చేప నూనె తేజీకి ఆధారం సముద్రమే, గుండె కాదు

చేప నూనె ధరలను గమనించే వర్తకులకు 2023 జూన్ గుర్తుండే ఉంటుంది. ఎల్‌నినో కారణంగా సముద్రం వేడెక్కింది. నెత్తళ్ల జాతికి చెందిన ఆంకొవెటా చేపల్లో ఎదగని పిల్లలే ఎక్కువగా కనిపించడంతో పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య తీరంలో ఆ ఏడాది తొలి వేటను రద్దు చేసింది. చేప నూనె ధర మునుపెన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. 2024 ఏప్రిల్‌లో 24.75 లక్షల టన్నుల కోటాతో వేటకు అనుమతి లభించింది. సరకు రావడంతో ఆ ఏడాదే ధరలు దిగివచ్చాయి.

ఇదంతా సరఫరా చేసిన పని. కాని బజారులో వినిపించే వాదన వేరు. ఒమెగా-3 రక్తనాళాలను కాపాడుతుంది, గుండె జబ్బులు పెరుగుతున్నాయి, కనుక మాత్రల గిరాకీకి ఢోకా లేదన్నది ఆ వాదన. దీని జమాఖర్చులు చూడవలసిన అవసరం ఉంది.

జమ వైపు కొంత లేకపోలేదు. గుండెపోటు వచ్చిన 11,324 మందిపై ఇటలీలో జరిగి 1999లో వెలువడిన పరీక్షలో రోజుకు ఒక గ్రాము వాడిన వారిలో మరణాలు తగ్గాయి. అయితే స్టాటిన్ మాత్రల వాడకం పెరిగాక ఆ లాభం నిలవలేదు. 15,480 మంది మధుమేహ రోగులపై జరిగి 2018లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో, తీవ్రమైన గుండె, రక్తనాళ సమస్యలు ఒమెగా-3 వాడిన వారిలో 8.9 శాతం, ఆలివ్ నూనె వాడిన వారిలో 9.2 శాతం. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదు.

అదే 2018లో మరో పరీక్ష ఆశలు రేపింది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండి స్టాటిన్ వాడుతున్న 8,179 మందికి శుద్ధి చేసిన ఇ.పి.ఎ. మందును రోజుకు 4 గ్రాములు ఇవ్వగా, ఇటువంటి సమస్యలు 22 నుంచి 17.2 శాతానికి తగ్గాయి. పోలికకు వాడిన మినరల్ ఆయిలే రెండో వర్గానికి కీడు చేసి ఉండవచ్చన్న ఆక్షేపణ ఉంది. 2020లో ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. కలిపిన మందును అదే మోతాదులో, మొక్కజొన్న నూనెతో పోల్చి పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు. గుండె లయ తప్పడం మాత్రం రెండింటిలోనూ పెరిగింది.

పైగా ఆ 4 గ్రాములు వైద్యుని చీటీపై ఇచ్చే మందు. అంగట్లో దొరికే మాత్ర కాదు. మామూలు 1000 మిల్లీగ్రాముల చేప నూనె మాత్రలో ఇ.పి.ఎ. సుమారు 180, డి.హెచ్.ఎ. 120, రెండూ కలిసి 300 మాత్రమే. నూనె శాతం చూడకుండా వేరుశనగ కొనని వర్తకుడు, డబ్బా మీది పెద్ద అంకె చూసి దీన్ని కొనడం వింతే.

చేప నూనెలో అధిక భాగం పోయేది చేపల, రొయ్యల మేతకే. మన కోస్తా చెరువుల మేతలోనూ అది కలుస్తుంది. కనుక నిల్వ పట్టదలచిన వారు పెరూ వేటను, మేత మిల్లుల గిరాకీని చూసి పట్టడం మేలు. గుండె పేరు చెప్పి మాత్రలు అమ్మేవారు ఆ మాట మానుకోవాలి. పొద్దస్తమానం కొట్లో కూర్చుని, వైద్యుడిచ్చిన రక్తపోటు బిళ్ల మాని ఈ మాత్ర మింగే మిత్రులు ఆ బేరంలో నష్టపోయేది సొమ్ము ఒక్కటే కాదు.