స్టెప్నీకే పంక్చర్ ఉంటే? గాయాల బిగ్ మ్యాన్ ట్రేడ్ మీద నా మాట



మన గ్రూపులో ఎన్‌బీఏ చూసేవాళ్లు బాగా పెరిగారు. ఆటలు మనకి తెల్లారేసరికి వస్తాయి కాబట్టి టిఫిన్ టైముకే గొడవ మొదలు. ట్రేడ్ల సీజన్ వస్తే ఆ గొడవకి అంతుండదు. ఏదో ఒక టీమ్‌కి కావాల్సిన పెద్ద స్టార్ దొరకడు. అప్పుడు రెండో ప్లాన్ కింద ఒక ఏడడుగుల మనిషి పేరు బయటికొస్తుంది. మంచి చెయ్యి, మంచి డిఫెన్స్, కానీ మోకాలో పాదమో నడుమో ఎప్పుడూ ఏదో ఒకటి. ఇక మనలో సగం మంది "వాడు సగం సీజన్ బెంచీ మీదే, దండగ" అంటారు. మిగతా సగం "వాడు ఒక్కడు ఫిట్‌గా ఉంటే చాలు, కప్పు మనదే" అంటారు.

నా ఉద్దేశంలో రెండు మాటలూ తప్పే. అలాంటి మనిషికి మళ్లీ దెబ్బ తగులుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. తగులుతుందనే అనుకోవాలి. తగిలిన రోజు టీమ్ దేని మీద నిలబడుతుంది, అది చెప్పండి. ఆటోవాలా స్టెప్నీ టైరు పాతదే పెట్టుకుంటాడు, తప్పేం లేదు. ఆ పాత టైరు మీదే రాత్రిపూట ఘాటు దిగుతానంటేనే భయం.

మొదట ఒక పాత కథ చెప్తా. బిల్ వాల్టన్. 1977లో పోర్ట్‌లాండ్‌ని ఛాంపియన్ చేశాడు, 1978లో ఎంవీపీ అయ్యాడు. తర్వాత పాదం ఎముకలు విరిగి మూడు సీజన్లు మొత్తానికే ఆడలేదు. అలాంటి మనిషిని 1985లో బోస్టన్ సెల్టిక్స్ తీసుకుంది. బదులుగా క్లిప్పర్స్‌కి సెడ్రిక్ మాక్స్‌వెల్‌ని, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని ఇచ్చింది. మాక్స్‌వెల్ అంటే చిన్నవాడు కాదు, 1981 ఫైనల్స్ ఎంవీపీ. అయినా ఇచ్చేశారు.

వాల్టన్‌ని తెచ్చి ఏం చేశారో చూడండి. టీమ్ బరువు మొత్తం అతని మీద పెట్టలేదు. సెంటర్‌గా రాబర్ట్ పారిష్ ఉన్నాడు, పక్కన కెవిన్ మెక్‌హేల్, లారీ బర్డ్ ఉన్నారు. వాల్టన్ బెంచీ మీంచి వచ్చి ఆటకి 19 నిమిషాలు ఆడాడు, అంతే. ఆ సీజన్‌లో 80 ఆటలు ఆడాడు. అతని కెరీర్‌లో అదే ఎక్కువ. బెస్ట్ సిక్స్త్ మ్యాన్ అవార్డు వచ్చింది, 1986లో సెల్టిక్స్ కప్పు కొట్టింది. మరుసటి సీజన్‌లో అతను ఆడినవి 10 ఆటలే. పాదం బాగవ్వలేదు. దొరికిన ఆ ఒక్క ఏడాదినీ టీమ్ సరిగ్గా వాడుకుంది.

ఇప్పుడు మీకందరికీ తెలిసిన కథ. 2023 జూన్. ఇదీ బోస్టనే. క్రిస్టాప్స్ పోర్జింగిస్ కోసం వాషింగ్టన్, క్లిప్పర్స్‌తో కలిసి మూడు టీమ్‌ల ట్రేడ్ దాదాపు కుదిరింది. బోస్టన్ నుంచి మాల్కమ్ బ్రోగ్డన్ వెళ్లాలి. బ్రోగ్డన్‌కి ఉన్న గాయం చూసి క్లిప్పర్స్ వెనక్కి తగ్గింది. పోర్జింగిస్ కాంట్రాక్ట్ ఆప్షన్ గడువు ఆ అర్ధరాత్రితో అయిపోతుంది. అప్పటికప్పుడు బోస్టన్ రెండో దారి పట్టింది. మెంఫిస్‌ని లోపలికి తెచ్చి, తొమ్మిదేళ్లుగా టీమ్‌కి గుండెకాయలా ఉన్న మార్కస్ స్మార్ట్‌ని ఇచ్చేసింది. పోర్జింగిస్‌తో పాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు కూడా రాబట్టుకుంది.

ఆ రోజు చాలామంది తిట్టారు. తిట్టడానికి కారణం ఉంది. పోర్జింగిస్‌కి 2018 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది, ఆ తర్వాతి సీజన్ మొత్తం పోయింది. 2020 ప్లేఆఫ్స్‌లో, డల్లాస్‌లో ఉండగా, రెండో మోకాలు దెబ్బతింది. అలాంటోడికి ఏడాదికి 3.6 కోట్ల డాలర్లా, అదీ స్మార్ట్‌ని వదులుకునా అని.

జరిగిందేంటి? పోర్జింగిస్ ఆ సీజన్‌లో 82కి 57 ఆటలు ఆడాడు, సగటున 20 పాయింట్లు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే, మయామీ మీద నాలుగో ఆటలో, పిక్క కండరం పట్టేసింది. పది ఆటలు పోయాయి. ఫైనల్స్ మొదటి ఆటకి తిరిగొచ్చి 21 నిమిషాల్లో 20 పాయింట్లు కొట్టాడు. రెండో ఆటలో ఎడమకాలు మళ్లీ దెబ్బతింది. మూడు, నాలుగు ఆటలకి బయటే. ఐదో ఆటలో 16 నిమిషాలు ఆడాడు, కప్పు వచ్చింది.

తిట్టినవాళ్లు భయపడ్డట్టే గాయం వచ్చింది, రెండుసార్లు వచ్చింది. అయినా అతను లేని 12 ప్లేఆఫ్ ఆటల్లో బోస్టన్ 10 గెలిచింది. ఎందుకంటే వెనకాల 38 ఏళ్ల ఆల్ హార్ఫర్డ్ ఉన్నాడు. ఆ సీజన్ మధ్యలోనే మెంఫిస్ నుంచి జేవియర్ టిల్మన్‌ని కూడా తెచ్చి పెట్టుకున్నారు. ఫైనల్స్ మూడో ఆటలో పోర్జింగిస్ లేనప్పుడు టిల్మన్ దిగి తన నిమిషాలు తను ఆడాడు. అంటే బోస్టన్ స్టెప్నీకి కూడా స్టెప్నీ పెట్టుకుంది. ఆ ట్రేడ్‌లో నాకు కనిపించే తెలివి అదే.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. గట్టి మనిషని అందరూ అనుకున్న మార్కస్ స్మార్ట్ మెంఫిస్‌లో ఆ సీజన్ ఆడింది 20 ఆటలే. అతన్నీ గాయాలే ఆపాయి. ఎవరి ఒళ్లు ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరికీ రాసిపెట్టి లేదు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ని తీసుకుంది. డేవిస్ ఆటగాడిగా గొప్పవాడే, అనుమానం లేదు. కానీ ట్రేడ్ జరిగేసరికే పొత్తికడుపు కండరం గాయంతో బయట ఉన్నాడు. డల్లాస్ తరఫున మొదటి ఆటలో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసి, అదే ఆటలో తొడ కండరం పట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చింది మార్చి చివర్లో. ఈలోగా మిగతా సెంటర్లూ గాయపడ్డారు, కైరీ ఇర్వింగ్ మోకాలు తెగింది. టీమ్ ప్లే-ఇన్ దాటలేదు. గాయాల చరిత్ర ఉన్న మనిషినే డల్లాస్ మొదటి ప్లాన్ చేసుకుంది, అతని కోసం 25 ఏళ్ల లూకాని ఇచ్చింది. వాల్టన్‌కి బోస్టన్ ఇచ్చిన ధరతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

అటు లేకర్స్ సంగతి. డేవిస్ వెళ్లిపోయాక రింగ్ కింద పెద్ద మనిషే లేడు. వెంటనే షార్లెట్ నుంచి మార్క్ విలియమ్స్‌ని అడిగారు. ఏడడుగులు, వయసు 23, కానీ నడుము గాయంతో అంతకుముందు సీజన్‌లో 19 ఆటలే ఆడాడు. బదులుగా డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్, 2031 ఫస్ట్ రౌండ్ పిక్, 2030లో పిక్ మార్పిడి. ఒప్పుకున్నారు. తర్వాత మెడికల్ టెస్టుల రిపోర్టులు చూసి ట్రేడ్ రద్దు చేశారు.

రద్దు చేయడం తప్పు అని నేననను. పరీక్ష చేసి, కాదనిపిస్తే ఆగడం వాళ్ల హక్కు. అప్పటికి ట్రేడ్ల గడువు దాటిపోయింది, ఇంకొకరిని ట్రేడ్‌లో తెచ్చుకునే దారి లేదు. వాళ్ల రెండో ప్లాన్ అక్కడితో ఆగిపోయింది, మూడోది లేదు. ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా మీద నాలుగో ఆటలో సెకండ్ హాఫ్ మొత్తం ఒకే ఐదుగురిని తిప్పకుండా ఆడించారు. ఆ ఐదుగురిలో సెంటర్ లేడు. 40 ఏళ్ల లెబ్రాన్ అందులో ఒకడు. ఐదో ఆటలో రూడీ గోబెర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు తీసి లేకర్స్‌ని ఇంటికి పంపాడు. గాయాల మనిషిని వద్దన్నారు సరే, వద్దన్న తర్వాత ఏంటి అన్నదానికి జవాబు లేకపోయింది.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు మూడు ప్రశ్నలు తేలాయి. ఇకనుంచి ఇలాంటి ట్రేడ్ వార్త వస్తే ఇవి అడిగి చూడండి.

ఒకటి, ఏం ఇస్తున్నారు? టీమ్ రేపటిని ఇస్తున్నారా, లేక పోయినా తట్టుకోగలిగేది ఇస్తున్నారా? కాంట్రాక్ట్ ఎన్నేళ్లు? పోర్జింగిస్‌కి బోస్టన్ ఇచ్చిన పొడిగింపు రెండేళ్లే. 2025లో జీతాల భారం మీద పడ్డప్పుడు అట్లాంటాకి పంపి బయటపడగలిగింది.

రెండు, అతని వెనకాల ఎవరున్నారు? పేరుకి కాదు, ఫైనల్‌లో 30 నిమిషాలు ఆడగలిగేవాడు ఉన్నాడా?

మూడు, అతన్ని ఏం అడుగుతున్నారు? 19 నిమిషాలా, 38 నిమిషాలా?

మూడింటికీ మంచి జవాబు ఉంటే కొనొచ్చు, నేను కొనమనే అంటా. ఒక్కదానికి లేకపోయినా ఆగాలి.

"అన్నా, ఇదంతా బోస్టన్ అదృష్టం" అనేవాళ్లు ఉంటారు. కొంత అదృష్టం ఉంది, కాదనను. 2024-25లో పోర్జింగిస్ ఆపరేషన్ తర్వాత నవంబర్ చివరిదాకా రాలేదు, సీజన్‌లో 42 ఆటలే ఆడాడు, టీమ్ రెండో రౌండ్‌లో ఓడింది. కానీ అదృష్టం కలిసొచ్చిన రోజున దాన్ని అందుకోవడానికి మిగతా నలుగురు నిలబడి ఉండాలి కదా. బోస్టన్‌లో ఉన్నారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వెనకాల మనిషి లేని టీమ్ ఆ లోటుని ఎవరితో కట్టిస్తుంది? గాయపడ్డవాడి ఒంటితోనే. హార్ఫర్డ్ ఉన్నాడు కాబట్టే ఫైనల్స్ జరుగుతుండగా కూడా పోర్జింగిస్‌ని రెండు ఆటలు కూర్చోబెట్టగలిగారు. హార్ఫర్డ్ లేకపోతే ఆ కాలుతోనే దింపేవాళ్లేమో. మనం ఇక్కడ కూర్చుని "గాజుబొమ్మ", "ఆస్పత్రి కేసు" అని పేర్లు పెట్టేస్తాం. ఆ డేవిస్ 2023-24లో 76 ఆటలు ఆడాడని ఎవరికీ గుర్తుండదు. ఒంట్లో గాయం ఉండటం నేరం కాదు.

మన గురుకులాల్లో, జోనల్ మీట్లలో జరిగేది కూడా ఇదే కదా. టీమ్‌లో పొడుగు పిల్లాడు ఒక్కడే ఉంటాడు. మోకాలు వాచినా పట్టీ కట్టి దింపుతాం. "ఓర్చుకోరా, ఫైనల్ ఒక్కటే" అంటాం. అమ్మాయిల టీమ్‌లో కూడా ఇదే తంతు. వాడికి ఫిజియో లేడు, ఎంఆర్ఐ లేదు, కోట్ల కాంట్రాక్ట్ అసలే లేదు. ఆ మోకాలితోనే రేపు ఊళ్లో కొండెక్కాలి, పోలీసు సెలక్షన్‌లో పరుగు తీయాలి. అందుకే టీమ్ కట్టే అన్నలకి, పీఈటీ సార్లకి నాదొక మనవి. పొడుగువాడితో పాటు, కాస్త పొట్టిగా ఉన్నా సరే, రింగ్ కింద నిలబడే ఇంకొకడిని సీజన్ మొదట్లోనే తయారు చేయండి. ప్రాక్టీస్ ఆటల్లో వాడికి నిమిషాలివ్వండి. అప్పుడే మోకాలు వాచిన పిల్లాడికి "కూర్చోరా, పర్లేదు" అని చెప్పగలుగుతారు.

మీ అభిప్రాయం కింద రాయండి. మీ టీమ్ ఏదైనా సరే, ఆ మూడు ప్రశ్నలకి జవాబు మాత్రం చెప్పి వాదించండి.