డేటాబేస్ స్వేచ్ఛ - నిఘంటు బంధనం

నిఘంటువులు, తాళపత్ర గ్రంథ సూచికలు, శాసన పదకోశాలు కంప్యూటర్లకు ఎక్కుతున్న ఈ కాలంలో రెండు అభిప్రాయాలు మనలో పాతుకుపోతున్నాయి. "సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది ఓపెన్ సోర్స్ డేటాబేసే కనుక మన సమాచారానికి భయం లేదు" అన్నది మొదటిది. "ఉచితంగా దొరికినదాన్ని లోపల పెట్టుకొని అమ్మడం చౌర్యం" అన్నది రెండవది. రెండూ నిలబడవు. లైసెన్సు పత్రాన్ని చదవకపోవడమే రెండింటికీ మూలం. ఒక్క పాఠాంతరం కోసం పది ప్రతులు తిరగవేసే మనం, మన శ్రమఫలాన్ని శాసించే పత్రాన్ని మాత్రం కొనుగోలు విభాగానికి వదిలివేస్తున్నాం.

ముందుగా చౌర్యవాదాన్ని పరిశీలిద్దాం. 1986లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన ఆరంభమైన పరిశోధనే నేటి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు మూలం. కాపీరైట్ ప్రకటననూ అనుమతి పాఠాన్నీ ప్రతులలో నిలపమని మాత్రమే దాని లైసెన్సు కోరుతుంది. దానిపై నిర్మించినవారు తమ సోర్స్ కోడ్‌ను వెల్లడించాలని కోరదు. ఎస్‌క్యూలైట్ కర్తలైతే తమ కాపీరైట్‌నే వదులుకున్నారు. వీటిపై యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను నిర్మించి అమ్మడం చౌర్యం కాదు, కర్తలు తెలిసి ఇచ్చిన అనుమతి.

మైఎస్‌క్యూఎల్ మార్గం వేరు. అది గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు (జి.పి.ఎల్.) కింద లభిస్తుంది; ఆ షరతులకు ఒప్పుకోకుండా తమ ఉత్పత్తిలో కలిపి పంపిణీ చేయదలచినవారికి వాణిజ్య లైసెన్సు విడిగా అమ్ముతారు. ఇక్కడ కీలకపదం 'పంపిణీ'. సొంత సర్వర్‌లో నడుపుకొనేవారిపై జి.పి.ఎల్. సోర్స్ వెల్లడి బాధ్యతను మోపదు. 2018లో మాంగోడీబీ సంస్థ తెచ్చిన కొత్త లైసెన్సు మరో కొసకు వెళ్లింది: ఆ డేటాబేస్‌నే సేవగా అందించేవారు ఆ సేవను నడిపే సాఫ్ట్‌వేర్ సోర్స్ మొత్తాన్ని వెల్లడించాలంది. దానిని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించలేదు. ఇన్ని భిన్న నియమాలను 'ఓపెన్ సోర్స్' అనే ఒక్క మాటతో కప్పివేయడం శాస్త్రీయం కాదు.

ఇక మొదటి అభిప్రాయం మరింత ప్రమాదకరమైనది. డేటాబేస్‌కు ఉన్న స్వేచ్ఛ డేటాబేస్‌దే. అందులో చేర్చిన ఆరోపాలకు అది సంక్రమించదు. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుపై నేడు ఎవరికీ కాపీరైట్ లేదు. దానిని ఒక సంస్థ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోకి ఎక్కించి, పట్టికల నిర్మాణాన్ని గోప్యంగా ఉంచి, సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి, ఏటేటా రుసుముపై అందించిందనుకుందాం. గ్రంథం స్వేచ్ఛగా ఉంది, డేటాబేస్ స్వేచ్ఛగా ఉంది, పాఠకుడికి మాత్రం తాళం మిగిలింది. ఏ లైసెన్సూ ఉల్లంఘనకు గురికాలేదు. కనుకనే ఈ రోగానికి మందు డేటాబేస్ లైసెన్సులో దొరకదు.

హైదరాబాదులో రూపొందిన గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ న్యూజెన్‌లిబ్ ఇందుకు చక్కని నిదర్శనం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌పై నడిచే ఈ సాఫ్ట్‌వేర్ తొలుత యాజమాన్య సాఫ్ట్‌వేర్‌గానే వెలువడింది. 2008 జనవరిలో దాని కర్తలు జి.పి.ఎల్. కిందికి తెచ్చారు. తెరవమని డేటాబేస్ వారిని నిర్బంధించలేదు. ఆ నిర్ణయం కర్తలదే.

సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ప్రతిఫలం వద్దా అన్న ప్రశ్న న్యాయమైనదే. వారి శ్రమకు వెల కట్టుదాం. కాని ఆరోపాలను సేకరించి, అర్థఛాయలను నిర్ణయించి, ప్రయోగాలను సరిచూసిన పరిశోధకుల శ్రమను ఆ వెలలో తాకట్టు పెట్టనవసరం లేదు. కొనుగోలు ఒప్పందంలో నాలుగు అంశాలు ఉండితీరాలి: లోపలి భాగాల లైసెన్సుల పూర్తి జాబితా; పట్టికల నిర్మాణ వివరణ; సమస్త సమాచారాన్నీ యూనికోడ్‌లో, ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా చదవగల రూపంలో ఎప్పుడైనా తీసుకొనే హక్కు; ఒప్పందం ముగిసినా ఆ హక్కు కొనసాగుతుందన్న హామీ. ఇవి సాంకేతిక నిపుణులు మన తరఫున అడిగేవి కావు. ఆరోపమంటే ఏమిటో, అది పోతే ఏం పోతుందో తెలిసిన తెలుగు శాఖలే అడగాలి. ఈ నాలుగింటికి అంగీకరించని ఒప్పందంపై సంతకం చేయకుండా ఉండడం కూడా నిఘంటు నిర్మాణంలో భాగమే.