పంపని తల్లిదండ్రులా, పంపలేని తల్లిదండ్రులా?

హ్మాంగ్ తల్లిదండ్రులకు చదువే లోకం, పిల్లల్ని ఆటలకు పంపరు, అది వాళ్ల సంస్కృతి అనేవాళ్లకి ఒకటే ప్రశ్న. ఏటా జూలై నాలుగుకి అమెరికాలోని సెయింట్ పాల్ నగరం, కోమో పార్కులో వేలమంది హ్మాంగ్‌లు చేరి ఫుట్‌బాల్, వాలీబాల్, కాలితో బంతిని వల దాటించే కాటో ఆడతారు. వాళ్లెవరు మరి?

లావోస్‌లో అమెరికా తన రహస్య యుద్ధానికి వాడుకున్న కొండజాతి వీళ్లది. 1975 తర్వాత మెకాంగ్ నది దాటి, థాయిలాండ్ శిబిరాల్లో తలదాచుకుని, శరణార్థులుగా వచ్చారు. అక్కడ పిల్లల ఆటంటే క్లబ్బు ఫీజు, బూట్లు, కారు, సాయంత్రాలు తీరిక ఉన్న అమ్మానాన్నలు. లేనిది డబ్బూ తీరికా, నింద మాత్రం సంస్కృతి మీద! మా వాడ పిల్లల గురించి స్టాఫ్‌రూముల్లో నేను వినే మాటే ఇది: "వీళ్ల తల్లిదండ్రులకు శ్రద్ధ ఉండదండీ."

టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచిన సునీసా లీ ఆ ఊరి హ్మాంగ్ పిల్లే. బ్యాలెన్స్ బీమ్ కొనే స్తోమత లేక వాళ్ల నాన్న పెరట్లో చెక్కతో చేసిపెట్టాడు. అందరూ ఆ చెక్కను చూసి మురిసిపోయారు. నాకు ఒళ్లు మండింది. తండ్రి వడ్రంగం చేస్తే తప్ప ఆడలేని ఆటా అది?

ఆడపిల్లల్ని ఇంటి చాకిరీకి, తమ్ముళ్లను చూసుకోడానికి ఆపేసే ఇళ్లూ ఉన్నాయి. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ముందు ఆ ఫీజు తీసేయండి, బస్సు పెట్టండి. అప్పుడు ఆ అమ్మల్ని నిలదీద్దాం, నేనూ వస్తాను.