పార్కింగ్ జాగా ఎవరిది? రసీదు చాలదు, దస్తావేజు చూడాలి

స్తంభం మీద రాసిన ఫ్లాటు నంబరు ఒకరిది, అక్కడ నిలిపిన కారు ఇంకొకరిది. ఒకరు బిల్డర్‌కు డబ్బు కట్టిన రసీదు చూపిస్తారు. మరొకరు పదేళ్లుగా ఇక్కడే పెడుతున్నామంటారు. హైదరాబాద్ నుంచి ముంబై దాకా అపార్ట్‌మెంట్లలో కనిపించే తగాదా ఇది. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ జాగాను అమ్మే హక్కు అసలు బిల్డర్‌కు ఉందా?

నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టులో దీనికి జవాబిచ్చింది. స్టిల్ట్ పార్కింగ్ ఫ్లాటు కాదు, గ్యారేజీ కూడా కాదు, దాన్ని విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని తేల్చింది. అయితే ఆ తీర్పు 1963 నాటి మహారాష్ట్ర చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ ఇచ్చినది. మిగతా రాష్ట్రాల్లో స్థానిక చట్టాన్ని కూడా చూడాల్సిందే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకైతే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది.

2016లో వచ్చిన రెరా చట్టం ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉంటేనే గ్యారేజీ అంది. చిక్కంతా ఈ రెండింటి నడుమే ఉంది. స్టిల్ట్‌కు పైకప్పు ఉంటుంది, గోడలు ఉండవు. ఈ సందులోంచే 'కవర్డ్ పార్కింగ్' పేరిట లక్షల రూపాయల వసూళ్లు సాగుతున్నాయి.

కాబట్టి గొడవకు దిగే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి: రిజిస్టరైన సేల్ డీడ్‌లోని షెడ్యూల్, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను, అసోసియేషన్ కేటాయింపుల రిజిస్టరు. డీడ్‌లో పార్కింగ్ ప్రస్తావన లేకుండా రసీదు ఒక్కటే ఉంటే ఆ వాదన బలహీనం. ప్లానులో లేని జాగాను బిల్డర్ అమ్మి ఉంటే పోట్లాడాల్సింది పొరుగువారితో కాదు, బిల్డర్‌తో. ప్రాజెక్టు రెరా పరిధిలో ఉంటే అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

ఇరుగుపొరుగు మధ్య తగాదాకు మాత్రం మొదటి వేదిక అసోసియేషనే. ఉమ్మడి స్థలమంటే ఎవరికి వారు ఆక్రమించుకోవచ్చని కాదు. వాడకాన్ని అందరికీ ఒకే నియమంతో పంచాలని అర్థం. కార్ల కంటే జాగాలు తక్కువైనచోట లాటరీ, వంతులవారీ కేటాయింపు, రెండో కారుకు అదనపు రుసుము వంటివి సర్వసభ్య సమావేశంలో తీర్మానించి మినిట్స్‌లో రాసుకోవాలి. కమిటీ సభ్యులకు మంచి జాగాలు, అద్దెకున్నవారికి వీధి అన్నట్టుగా ఉంటే ఏ తీర్మానమూ నిలవదు.

అక్కడా తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. ఇరువర్గాలూ ఒప్పుకుని తీసుకున్న అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. సివిల్ దావా వేస్తే ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ ఒకే లిఫ్టులో ఎక్కి దిగాల్సింది ఆ ఇద్దరే.

కొత్తగా కొనేవారికి ఇందులో ఒక జాగ్రత్త ఉంది. పార్కింగ్ నంబరు, కొలతలు, అది ఉన్న చోటు దస్తావేజులో రాసి ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. తాళాలు చేతికొచ్చాక అడిగితే బిల్డర్ అసోసియేషన్‌ను చూపిస్తాడు, అసోసియేషన్ బిల్డర్‌ను చూపిస్తుంది.