గడ్డ కనబడిన నాడే పరీక్ష

మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నింటిలో క్యాన్సర్ డేకేర్ కేంద్రాలు తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ఇచ్చిన మాట స్వాగతించదగినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మహిళలు కీమోథెరపీకి ప్రతిసారీ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా పోయే భారం దానివల్ల తగ్గుతుంది. అయితే రొమ్ము క్యాన్సర్‌లో అసలు లోటు చికిత్సకు ముందే, గుర్తింపులోనే ఉంది. అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ జాతీయ కార్యక్రమం కింద స్క్రీనింగ్ 30 ఏళ్లు దాటినవారికే. పాతికేళ్ల యువతి గడ్డ తగులుతోందని వస్తే, ఈ వయసులో క్యాన్సర్ ఏమిటని పంపేయడం క్షమించరాని అలసత్వం. చిన్న వయసులో ఈ జబ్బు అరుదే. వస్తే మాత్రం తరచూ వేగంగా ముదిరే రకమవుతోంది. రొమ్ము కణజాలం దట్టంగా ఉండే ఆ వయసులో మామోగ్రఫీ ఒక్కటే చాలదు, అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ చేయాల్సిందే. ఇక ఈ ప్రాంతంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మహిళకు ఆసుపత్రికి పోయిన రోజు కూలి పోయినట్టే. భర్త గల్ఫ్‌లో ఉంటే తోడు వచ్చేవారూ కరువే. నొప్పి లేదు కదా అని గడ్డను నెలల తరబడి దాచుకునేది అందుకే. కనుక పరీక్షే ఆమె దగ్గరికి వెళ్లాలి: చుట్టిన బీడీలు అప్పజెప్పే కార్ఖానాల వద్ద, సిరిసిల్ల అపెరల్ పార్కులో మహిళా వైద్యులు నెలకోసారి కూర్చోవాలి. తల్లికో అక్కకో ఈ జబ్బు వచ్చిన ఇళ్లలోని యువతులను ఆశా కార్యకర్తలు ముందుగా పరీక్షకు పంపాలి. ప్రభుత్వ వైద్య కళాశాలలున్న జగిత్యాల, సిరిసిల్లలోనే బయాప్సీ తీసి, వారంలోగా నివేదిక చేతికిచ్చే బాధ్యతను వైద్యారోగ్య శాఖ రాతపూర్వకంగా తీసుకోవాలి.