ఫోర్‌ట్రాన్ ప్రమాణం: పాత కోడ్‌కు ఇచ్చిన మాట

బంగాళాఖాతంలో తుపాను బలపడినప్పుడు ఉప్పెన ఏ తీరాన్ని ఎంత ఎత్తున తాకుతుందో లెక్కగట్టే బాధ్యత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌ది. ఆ లెక్కలకు వాడుతున్న అడ్‌సర్క్ నమూనా ఫోర్‌ట్రాన్‌లో రాసినది. వాతావరణ పరిశోధకులు అనేక దేశాల్లో వాడే డబ్ల్యూఆర్ఎఫ్ నమూనా కూడా అంతే. జాన్ బ్యాకస్ నాయకత్వంలో ఐబీఎం బృందం 1957లో విడుదల చేసిన భాష ఇది. అప్పటి యంత్రాలు మ్యూజియాలకు చేరాయి. భాష మాత్రం పనిలోనే ఉంది. దానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉండటం, ఆ ప్రమాణాన్ని తరం తర్వాత తరం కనిపెట్టుకుని ఉండటం అందుకు ముఖ్య కారణాలు. ఈ పని మీద మన దగ్గర చర్చ దాదాపు లేదు. ఉండాలి.

ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే కోడ్‌గా మార్చే ఫోర్‌ట్రాన్ కంపైలర్లు 1963 నాటికే నలభైకి పైగా ఉండేవి. ఒక కంపెనీ యంత్రం మీద నడిచిన ప్రోగ్రామ్ మరో యంత్రం మీద నడుస్తుందన్న భరోసా లేదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ 1966లో భాషకు లిఖిత నిర్వచనం ఇచ్చింది. ఉన్నత స్థాయి ప్రోగ్రామింగ్ భాషకు వచ్చిన తొలి ప్రమాణం అదే.

అలాంటి పత్రంలో ఏముంటుంది? ఒక్క నియమం చూస్తే దాని విలువ తెలుస్తుంది. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను పరిమితమైన అంకెలతోనే దాచుకుంటుంది. కాబట్టి కూడికల వరుస మారితే జవాబు చివరి అంకెల్లో మారవచ్చు. లక్షల సార్లు తిరిగే లెక్కలో ఆ చిన్న తేడా పెరిగి పెద్దది కావచ్చు. వేగం కోసం కంపైలర్ ఒక సమాసాన్ని గణితంలో దానికి సమానమైన మరో రూపంలోకి మార్చుకోవచ్చని ఫోర్‌ట్రాన్ ప్రమాణం అంటుంది. అయితే ప్రోగ్రామర్ పెట్టిన బ్రాకెట్లను మాత్రం దాటకూడదు. ముందు ఏ రెండు సంఖ్యలు కలవాలో శాస్త్రవేత్తకు పట్టింపు ఉంటే బ్రాకెట్ పెడితే చాలు. మరో నియమం సబ్‌రొటీన్లకు, అంటే ప్రోగ్రామ్‌లోని ఉపభాగాలకు సంబంధించినది. వాటికి రెండు అర్రేలు, అంటే సంఖ్యల వరుసలు, పంపి అందులో ఒకదాన్ని మారుస్తుంటే, ఆ రెండూ మెమరీలో ఒకే చోటును పంచుకోకూడదు. ఆ నమ్మకంతోనే కంపైలర్ వేగవంతమైన కోడ్ తయారు చేస్తుంది. ఇలాంటి హామీని సీ భాషలో ప్రోగ్రామర్ విడిగా రాసి ఇచ్చే వీలు 1999 ప్రమాణంతో గానీ రాలేదు.

ఇలాంటి వాక్యాల మీదే ఏళ్ల తరబడి వాదనలు జరుగుతాయి. వాటిలో తీవ్రమైనది ఫోర్‌ట్రాన్ 90 చుట్టూ నడిచింది. 1978లో ఆమోదం పొందిన ఫోర్‌ట్రాన్ 77 తర్వాత అర్రేలను మొత్తంగా ఒకే వాక్యంలో కలపడం, మాడ్యూళ్లు, కొత్త డేటా రకాలు కావాలని ఒక వర్గం పట్టుబట్టింది. భాష బరువెక్కుతుందని, కంపైలర్ల ఖర్చు పెరుగుతుందని మరో వర్గం అడ్డుపడింది. 1987లో ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెడితే విమర్శలు వెల్లువెత్తాయి. అమెరికా కమిటీ ఎటూ తేల్చుకోలేకపోయిన దశలో డబ్ల్యూజీ5 అనే అంతర్జాతీయ కార్యవర్గం చొరవ తీసుకుని దారి ఖరారు చేసింది. ఎనభైలలోనే రావలసిన ప్రమాణం 1991లో వెలువడింది. అప్పుడూ అమెరికా పాత 77 ప్రమాణాన్ని రద్దు చేయకుండా పక్కనే ఉంచింది.

ఆ జంకును నేను తప్పుపట్టను. ఐ నుంచి ఎన్ వరకు అక్షరాలతో మొదలయ్యే పేర్లు, వేరుగా ప్రకటించకపోతే, పూర్ణాంకాలవుతాయన్న తొలినాటి నియమం తాజా 2023 ప్రమాణంలోనూ ఉంది. కొత్తవారికి అది వింతగా తోస్తుంది. అక్షరం తప్పు పడితే దోషం దాగిపోయేదీ దానివల్లే. అయినా తీసేస్తే, రాసినవాళ్లు పదవీ విరమణ చేసిన వేల ప్రోగ్రామ్‌లు ఒక్క రోజులో ప్రమాణం బయట పడతాయి. అందుకే కమిటీ ఏ అంశాన్నయినా ముందు కాలం చెల్లినదిగా ప్రకటిస్తుంది, ఆ తర్వాతే ఏదో ఒక సవరణలో తొలగిస్తుంది. ఉదాహరణకు, విలువ రుణమా, సున్నానా, ధనమా అన్నదాన్ని బట్టి దారి మళ్లించే అంకగణిత ఇఫ్ వాక్యాన్ని 2018లో తీసేశారు. ప్రధాన కంపైలర్లు దాన్ని ఇప్పటికీ అంగీకరిస్తూనే ఉన్నాయి.

కొత్త సంచిక వెలువడగానే పని ముగియదు. ఈ వాక్యానికి అర్థం ఇదా, అదా అని కంపైలర్ రాసేవాళ్లు ప్రశ్నలు పంపుతారు. కమిటీ చర్చించి, ఓటు వేసి జవాబిస్తుంది. దోషం తేలితే సవరణ పత్రం వస్తుంది. ఈ పనికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ జీతాలివ్వదు. సభ్యులను పంపేది వారి సంస్థలు, ప్రయోగశాలలే. కొందరు సొంత ఖర్చుతో వస్తారు. కంపైలర్ కంపెనీలు తగ్గినకొద్దీ ఈ బల్ల చుట్టూ కుర్చీలూ తగ్గుతాయి. రాబోయే 15 ఏళ్లు కీలకమైన కోడ్‌ల కోసం ఫోర్‌ట్రాన్‌పై ఆధారపడితే ఎదురయ్యే ముప్పులను అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల 2023లో ఒక నివేదికలో అంచనా వేసింది. ప్రోగ్రామర్లు దొరకడం, కొత్త జీపీయూ యంత్రాలపై కంపైలర్ల మద్దతు అందులోని ప్రధాన ఆందోళనలు. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే లక్షల వరుసల కోడ్‌ను మరో భాషలోకి తిరగరాయడం కూడా చిన్న ముప్పు కాదు. దశాబ్దాల పరీక్షల్లో నిగ్గుతేలిన లెక్కను మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి.

ఐఎస్ఓలో మన దేశం తరఫున ఓటు వేసేది భారతీయ ప్రమాణాల సంస్థ, బీఐఎస్. తుపాను, రుతుపవనాల అంచనాలకు ఫోర్‌ట్రాన్‌ను నమ్ముకున్న మన ప్రభుత్వ సంస్థలు, ఐఐటీలు దాని ద్వారా ఒకరిద్దరు నిపుణులను ఈ పనికి కేటాయించాలి. అది వారి ఉద్యోగంలో భాగం కావాలి, సెలవు పెట్టి చేసే సేవగా మిగలకూడదు. మొదలుపెట్టడానికి అడ్డంకి లేదు: కమిటీ పనిపత్రాలు ఎవరైనా ఉచితంగా చదవచ్చు. డేటా రకం ఏదైనా ఒకే కోడ్ పనిచేసేలా చేసే జెనరిక్స్‌ను తర్వాతి సంచిక కోసం రూపొందిస్తున్నారు. కొత్త సంచిక ఈలోగా రాకపోతే, ఐఎస్ఓ నియమం ప్రకారం 2023 ప్రమాణాన్ని ఉంచాలా, సవరించాలా, ఉపసంహరించాలా అన్న సమీక్ష 2028లో దేశాల ముందుకు వస్తుంది.