తప్పెవరిదో తేలాలట!

మొన్న ఆదివారం పాత కొలీగ్ ఒకడు పాత ఫోనొకటి పట్టుకొచ్చాడు. "మామా, ఇందులో డిలీట్ అయిపోయిన కాల్ రికార్డింగులు బయటికి తియ్యగలవా? లాయరు అడుగుతున్నాడు" అన్నాడు. విడాకుల కేసు. వాళ్ళింట్లో నేను ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు.

లాయరు ఎందుకడిగాడంటే, 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఇద్దరూ ఒప్పుకోకపోతే అవతలివాళ్ళ తప్పు చూపించాల్సిందే. క్రూరత్వమో, వేరే సంబంధమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో. 2018లో వ్యభిచారం నేరం కాకుండా పోయింది గానీ విడాకులకి కారణంగా అలాగే ఉంది. భార్య అలాంటి సంబంధంలో కొనసాగుతోందని రుజువైతే నెలనెలా ఇచ్చే మనోవర్తి కూడా ఎగిరిపోవచ్చు. అసలు కిటుకు అక్కడుంది.

2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ఇలాంటిదే వచ్చింది. అమెరికాలో ఉండగా భార్య తన అమ్మానాన్నలతో, స్నేహితులతో మాట్లాడినవన్నీ రికార్డు చేసి హార్డ్ డిస్కు పట్టుకొచ్చాడొక భర్త. ఆమెకి తెలియకుండా చేశావు, చెల్లదు పొమ్మంది కోర్టు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల దావాలో రహస్య రికార్డింగునీ సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడినట్టు అని కూడా అంది. చెడిందని తెలుస్తూనే ఉంటే, ఇంకా తప్పు రుజువు చెయ్యమనడం దేనికండీ?

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగులు చూసి కారణం రాస్తాం. పదేళ్ళ కాపురం ఏ రోజు, ఎవరి మాటతో పడిపోయిందని రాస్తారు?

కోలుకోలేనంతగా చెడిన పెళ్ళిని తప్పుతో పనిలేకుండా రద్దు చెయ్యొచ్చని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ ఆ అధికారం సుప్రీంకోర్టుదే, ఫ్యామిలీ కోర్టుకి లేదు. అందరూ ఢిల్లీ దాకా వెళ్ళగలరా?

మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "తప్పు చూపించక్కర్లేదంటే, పదిహేనేళ్ళు వండిపెట్టినదాన్ని ఒక్క సంతకంతో బయటికి పంపేస్తారు" అంటుంది. నిజమే. 2013లో రాజ్యసభ దాటి లోక్‌సభలో ఆగిపోయిన బిల్లులో భార్యకి ఆస్తిలో వాటా మాట ఉంది. అది లేకుండా ఈ మార్పు రావడం నాకూ ఇష్టం లేదు.

ఫోన్ సంగతా? నాకు చేతకాదని అబద్ధం చెప్పి ఇచ్చేశాను. అమీర్‌పేటలో ఇంకెవరికో ఇచ్చాడట.